చెట్టు బిళ్ళ

“మీ మావయ్యగారి ఒంట్లోకి ఎవరో స్టెరాయిడ్ పంపిస్తున్నారండీ. ఎవరు, ఎప్పట్నుంచి అన్నది సాయంత్రంలోగా కనుక్కుని నాకు చెప్పండి.”

విశాఖపట్నం నుంచి డాక్టరు ఉమామహేశ్వరిగారు ఫోనులో ఆ మాట అన్నప్పుడు నేను ఏడో తరగతి గది బయట, చేతిలో చాక్‌పీసుతో నిలబడి ఉన్నాను. పోయిన వారం మిమ్మల్ని ఆ వరండాలోనే వదిలేశాను. నాకు మాత్రం అక్కణ్ణుంచి కదలడానికి ఇంకో పీరియడు పట్టింది. ఒంటిపూట బడులు కాబట్టి బతికిపోయాను. ఆ పీరియడులో పిల్లలకి ఏం పాఠం చెప్పానో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళుంటే నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా మావయ్యగారు ఇశ్రాయేలు ముప్ఫై ఎనిమిదేళ్ళు రాజోలు చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు తీసిన మనిషి. చెట్టెక్కేటప్పుడు రెండు పాదాలకీ కలిపి తగిలించుకునే తాడు బంధం ఒరుసుకుని ఒరుసుకుని కుడి చీలమండ మీద కాయ కాసింది. కాయ పుండైంది. పుండు రెండేళ్ళు మానలేదు. చివరికి అది చర్మం కేన్సరని తేలింది. మొదట చూసిన డాక్టర్లు మోకాలి కింద నుంచి తీసెయ్యాలన్నారు. నేనే ఊరుకోలేదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, విశాఖపట్నంలో కోతకి బదులు గడ్డలోకే సూదిమందు ఎక్కించే కొత్త వైద్యం ఒకటి పరీక్షిస్తున్నారని తెలుసుకుని, అక్కడికి తీసుకుపోయాను. ఇంట్లో అందరూ వద్దన్నారు. పదకొండు పేజీల కాగితాల మీద ఇంటివాళ్ళ తరఫున సంతకం పెట్టింది నేను. రెండు ఇంజెక్షన్లు అయ్యాయి. గడ్డ ఆవగింజంత కూడా తగ్గలేదు. మూడోది వచ్చే మంగళవారం. దానికీ తగ్గకపోతే ఇక కాలు తీసెయ్యడమేనని డాక్టరుగారు ముందే చెప్పేశారు.

ఇవాళ శుక్రవారం. అదీ సంగతి.

బండి మీద ఇంటికి వస్తూ దారంతా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. మా ఇంట్లో మనుషులు నలుగురు. మావయ్యగారు, అత్తయ్యగారు దానమ్మ, మా ఆయన సాల్మన్, నేను. మా ఆయన ఆర్టీసీ కండక్టరు. తెల్లారి లేస్తే రాజోలు డిపోలో ఉంటాడు, ఆయనకి తన టిక్కెట్ల మిషను తప్ప ప్రపంచం పట్టదు. నేను పెట్టలేదు. ఇక మిగిలింది ఎవరు? దానమ్మగారు. మా అత్తయ్యగారికి వైద్యం అంటే ప్రాణం. ఎవరు ఏ వేరు తెచ్చిచ్చినా నూరుతుంది, ఎవరు ఏ పొడి తెచ్చిచ్చినా కలుపుతుంది. దొంగ దొరికేసిందనుకున్నాను.

ఆవిడ వంటగదిలో కూర్చుని పనసపొట్టు కొడుతోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వెళ్ళి డబ్బాలన్నీ కిందికి దింపడం మొదలుపెట్టాను.

“ఏవిటమ్మా? ఏం పోయింది?” అంది అత్తయ్యగారు, కత్తి ఆపకుండా.

“మావయ్యగారికి ఏం పెడుతున్నారు?”

“ఏం పెడతాను? చారన్నం పెట్టేను. పొట్టు కూర రాత్రికి.”

“అది కాదండీ! మందు. పొడి. లేహ్యం. ఏదో ఒకటి. నాకు తెలియకుండా ఏం పెడుతున్నారు?”

పోపుల డబ్బా వెనకాల ఒక సీసా దొరికింది. గుడ్డ చుట్టి, దారం కట్టి దాచిన సీసా. దాన్ని పైకెత్తి పట్టుకునేసరికి ఆవిడ చేతిలో కత్తి ఆగింది.

“అది ప్రార్థన నూనె,” అంది. “మొన్న కూటాలకి వెళ్ళినప్పుడు అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చేరు.”

“పుండుకి రాస్తున్నారా?”

“రామ రామ, నేనెందుకు రాస్తానమ్మా? నువ్వు ముట్టుకోవద్దన్నావు కదా. నుదుటికే రాస్తన్నాను. పడుకున్నాక.” అత్తయ్యగారు బాప్తిస్మం పుచ్చుకుని నలభై ఏళ్ళయినా కంగారు పడితే మాత్రం పుట్టింటి రాముడే నోటికొస్తాడు.

మూత తీసి వాసన చూశాను. అచ్చమైన కొబ్బరినూనె. నేలవేము పొడి ఇంకో డబ్బాలో దొరికింది, అదీ ఆవిడే తింటోందట, షుగరు రాకుండా. అప్పటికైనా ఊరుకోవాలి కదా నేను? ఊరుకోలేదు. డాక్టరుగారు చెప్పిన మాటంతా చెప్పి, ఇంట్లో ఇంకెవరున్నారు పెట్టడానికి అని అడిగేశాను. ఇల్లు దులిపినట్టు దులిపేశాను ఆవిణ్ణి.

“నేనా?” అంది అత్తయ్యగారు. “నా మొగుడికి నేను విషం పెడతన్నానా?”

“విషం అన్లేదండీ నేను.”

“అన్నావమ్మా. ఒళ్ళొచ్చింది, మొహం నిండుగా ఉంది, సూదిమందు బాగా పనిచేస్తందని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటన్నాను నేను. నువ్వేమో…” అని పనసపొట్టు చేతులతోనే మొహం కప్పుకుంది.

మొహం నిండుగా ఉండడం. ఇది మీరూ చదివి ఉంటారు, రెండో భాగంలోనో మూడో భాగంలోనో రాశాను. రెండు మూడేళ్ళుగా మావయ్యగారి మొహం గుండ్రంగా, మెరుస్తూ, చూసినవాళ్ళల్లా “బాగున్నాడయ్యా ఇశ్రాయేలు” అనేలా తయారైంది. చేతులు మాత్రం పుల్లలు. అది ఆరోగ్యం కాదని, ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైతే మొహం అలాగే ఉబ్బుతుందని డాక్టరుగారు రక్తపరీక్షలు చూసి ఫోనులో చెప్పేదాకా సైన్సు టీచర్ని నాకే తట్టలేదు. ఏడో తరగతి పిల్లలకి రోగనిరోధక శక్తి గురించి ఏటేటా పాఠం చెబుతాను. చెప్పుకుంటే సిగ్గుచేటు.

అత్తయ్యగారికి నీళ్ళిచ్చి, క్షమించమని అడగాలనుకుంటూ ఉండగానే బయట మోపెడు ఆగిన చప్పుడైంది.

బంగారయ్యగారు. మావయ్యగారి దింపు ముఠాలో పెద్ద. ఆరుగురి ముఠా అది. దాంట్లో ఒక పద్ధతుంది, వాళ్ళ తాతల నాటి నుంచీ వస్తున్నదట: చెట్టు మీంచి పడ్డా, జ్వరమొచ్చినా, ఎవరు మంచాన పడినా ముఠాలోంచి తీసెయ్యరు. వాడి వంతు వాడికి శుక్రవారం శుక్రవారం ఇంటికి పట్టుకెళ్ళి ఇస్తారు. రెండు బొండాలు, టీపొడి పొట్లం, చుట్టలు, ఏది మిగిలినవాళ్ళు పంచుకుంటే అదే. మావయ్యగారు చెట్టెక్కి ఏడు నెలలైనా ఒక్క శుక్రవారం తప్పలేదు. ఆ పద్ధతంటే నాకూ గౌరవమే. స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

బంగారయ్యగారు ఎప్పుడూ లుంగీ కట్టేవాడు. ఈమధ్య ఎండాకాలంలో కూడా ప్యాంటు వేస్తున్నాడు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు కదా, కాస్త దర్జాగా ఉండాలనుకున్నాడేమో అనుకున్నాను. అరుగు మీద మావయ్యగారి పక్కన కూర్చుని సంచీలోంచి ఒక్కొక్కటే తీస్తున్నాడు. బొండాలు. టీపొడి. చుట్టల కట్ట. ఆఖర్న, కాగితంలో చుట్టిన బిళ్ళల అట్ట.

“ఏవిటండీ అది?” అన్నాను గుమ్మంలోంచి.

“ఏం లేదండి టీచరుగారండి. చెట్టు బిళ్ళండి.”

“చెట్టు బిళ్ళంటే?”

“ఆయ్. చెట్టు బిళ్ళేనండి.”

“అదే, చెట్టు బిళ్ళంటే ఏవిటని అడుగుతున్నాను.”

బంగారయ్యగారు మావయ్యగారి వైపు చూశాడు, టీ అంటే ఏవిటని అడిగినట్టు అడుగుతోందేంటి ఈవిడ అన్నట్టు. “చెట్టెక్కేముందు వేసుకుంటామండి. పొద్దున్నే టీతో. కీళ్ళు బిగుసుకోకుండా ఉంటాయని కామరాజుగారు ఇస్తారండి, మా ఆరుగురికీ. అందరూ వేసుకుంటారండి, మా ముఠాయే కాదు.”

కామరాజు మా ఊళ్ళో డిగ్రీ లేని డాక్టరు. ఆ అట్ట చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను. చీమ తలకాయంత అక్షరాలు. డెక్సామెథసోన్. నేను చదివాను, మళ్ళీ చదివాను, కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. లోపల ఆవిడ ఏడుస్తోంది, దొంగ ఇక్కడ అరుగు మీద బొండాల పక్కన కూర్చుని ఉన్నాడు.

“మావయ్యగారూ,” అన్నాను, గొంతు వీలైనంత తగ్గించుకుని. “మీరు మందులేమీ వాడటం లేదన్నారు.”

“వాడట్లేదు కదమ్మా.”

“ఇదేవిటి మరి?”

“అది మందు కాదమ్మాయ్. చెట్టు బిళ్ళ.”

నాకు ఒళ్ళు మండిపోయింది. మీరే చెప్పండి, మండదా? ఆ ఆసుపత్రిలో చేరిన రోజున నర్సు పక్కన కూర్చుని, ప్రతి ప్రశ్నా తెలుగులో, నిదానంగా, వరసగా అడిగింది. బీపీ మందు వాడతారా? లేదండి. షుగరు మందు? లేదండి. నాటుమందు, పసరు, ఆకు? లేదండి. నొప్పుల బిళ్ళలు? లేదండి. అన్నిటికీ లేదండి, లేదండి. నేను పక్కనే ఉండి ఆ సమాధానాలన్నిటికీ సాక్షి సంతకం పెట్టాను.

“నొప్పుల బిళ్ళలు వేసుకోనని చెప్పేరు కదండీ!”

“నాకు నొప్పులు లేవు కదమ్మా,” అన్నారు మావయ్యగారు, చాలా నిజాయితీగా. “నొప్పులుంటే నొప్పుల బిళ్ళ వేసుకుందును.”

“నొప్పులు ఎందుకు లేవు? ఇది వేసుకుంటున్నారు కాబట్టి లేవు!”

“అంతే అయ్యుంటదిలే,” అన్నారు.

“ఎన్నేళ్ళయింది?”

“ఆరేళ్ళు. కాదు, ఏడో ఏడు.”

“చెట్టెక్కడం మానేసి ఏడు నెలలైంది. ఇంకా ఎందుకు వేసుకుంటున్నారు?”

కాలు అరుగు మీద చాపుకుని ఉన్నారు, చీలమండ మీద తెల్లటి కట్టు. ఆ కట్టు వైపు చూస్తూ అన్నారు: “ముఠాలో ఉన్నాను కదమ్మా. పొద్దున్నే నాలుగున్నరకి వాళ్ళు అక్కడ టీ తాగి బిళ్ళ వేసుకుని బయల్దేరతారు. నేనిక్కడ టీ తాగి బిళ్ళ వేసుకుంటాను. అదీ మానేస్తే ఇంక నేనెవణ్ణి?”

ఆ మాటకి నాకు జాలి పుట్టింది. కానీ కోపం జాలికంటే ముందు పరిగెత్తే మనిషిని నేను.

“విశాఖపట్నంలో కూడా వేసుకున్నారా? ఇంజెక్షన్ రోజున కూడానా?”

“ఆయ్. ఆసుపత్రి కేంటీన్లో. నువ్వే కదమ్మా టీ తెచ్చిచ్చేవు.”

ఇంక ఆగలేకపోయాను. “మావయ్యగారూ, ఆ ఇంజెక్షన్ ఏం చేస్తుందో మీకు ఎన్నిసార్లు చెప్పాను! ఇంట్లో కుక్క ఉంది. దొంగ దానికి రోజూ ఏదో తినిపించి మచ్చిక చేసుకున్నాడు, అందుకే అది మొరగడం లేదు. ఈ మందు ఆ మచ్చిక వదలగొడుతుంది, అప్పుడు మన కుక్కే వాడి మీద పడుతుంది. కత్తి పెట్టక్కర్లేకుండా గడ్డని మన ఒళ్ళే తినేస్తుంది. చెప్పానా లేదా?”

“చెప్పేవు.”

“ఈ బిళ్ళ ఆ కుక్కకి మత్తుమందు! అక్కడ డాక్టరుగారు కుక్కని లేపుతున్నారు, ఇక్కడ మీరు రోజూ పొద్దున్నే దాన్ని పడుకోబెడుతున్నారు. టీతో!”

ఆ ఊపులోనే చేతిలో ఉన్న అట్టని బలం కొద్దీ విసిరేశాను. ఇంటి ముందు పంట బోదె ఉంది, నిండా నీళ్ళతో పారుతోంది. అట్ట దాంట్లో పడి, ఒకసారి మెరిసి, గుర్రపుడెక్క కిందికి పోయింది. మనసు కొంచెం చల్లబడింది. ఆ చల్లదనం ఎంతసేపుందో ఇప్పుడే చెబుతాను.

సరిగ్గా అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుంటూ సంగతంతా విన్నాడు. మా ఆయనకి కోపం రాదు. అదే నాకు పెద్ద కోపం.

“అయితే ఇప్పుడేం చేద్దాం శారోనూ?”

“ఏం చెయ్యడమేవిటి, డాక్టరుగారికి చెప్పాలి.”

“చెబితే?”

చెబితే ఏమవుతుందో నాకు కంఠతా వచ్చు. ఏడో పేజీ. ‘కింది మందులు వాడుతున్నవారు ఈ చికిత్సకు అర్హులు కారు.’ ఆ పేజీని ఇదే అరుగు మీద కూర్చుని అందరికీ పైకి చదివి వినిపించింది నేను.

“చెబితే తీసేస్తారు కదా,” అన్నాడు మా ఆయన, టిక్కెట్టు చిల్లర గురించి మాట్లాడుతున్నంత నెమ్మదిగా. “తీసేస్తే మూడో సూది ఉండదు. ఉండకపోతే కాలు పోద్ది. నువ్వు బిళ్ళలు పారేశావు, మంచిదైంది. ఇవాళ్టి నుంచి మానేస్తాడు నాన్న. ఏమీ ఎరగనట్టు మంగళవారం వెళ్ళొద్దాం. మూడోది పడిపోతే ఆ తర్వాత ఏదైతే అదవుద్ది.”

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ అదే బుద్ధి పుట్టింది. ఊళ్ళోవాళ్ళు ఏమంటారో అప్పుడే వినిపించడం మొదలుపెట్టింది. ఆపరేషన్ చేయించుకోనివ్వకుండా కోడలు ఊళ్ళు తిప్పింది. చదువుకున్నదాన్నని ఎగిరింది. ఆఖరికి కాలూ పోయింది. ఆ ఆలోచనల్లో నేనుండగా నా చేతిలో ఫోను మోగింది. సాయంత్రందాకా ఆగలేకపోయారు కాబోలు, డాక్టరుగారే.

స్పీకరు మీద పెట్టాను. అందరూ నా మొహమే చూస్తున్నారు. మా ఆయన అడ్డంగా తల ఊపుతున్నాడు.

“శారోన్ గారూ, ఏమైనా తెలిసిందా?”

“అదేనండీ… కనుక్కుంటున్నామండీ… ఇంట్లో అయితే ఎవరూ…”

“ఇలా ఇయ్యమ్మా,” అని మావయ్యగారు చెయ్యి చాపారు.

“నాన్నా, నువ్వాగు,” అన్నాడు మా ఆయన.

“నువ్వాగరా. చెట్టు మీదున్నోడు కిందోడికి అబద్ధం చెప్పకూడదు. పైన కందిరీగలున్నాయా, మట్ట కుళ్ళిందా, పామేదైనా ఉందా, ఉన్నదున్నట్టు చెప్పాలి. లేకపోతే ఎవడో ఒకడు చస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు ఆ డాక్టరమ్మ కింద నిలబడి ఉంది, నేను పైనున్నాను. ఇయ్యమ్మా ఫోను.”

ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను? చదువు చెప్పేదాన్ని నేను, పాఠం చెప్పింది ఆయన.

మావయ్యగారు ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, చెట్టు మీంచి కేకేసినట్టు చెప్పారు. “అమ్మా, నేనండి, ఇశ్రాయేల్నండి. నాకెవరూ పెట్టట్లేదండి. నేనే వేసుకుంటన్నానండి. చెట్టు బిళ్ళండి. మందని తెల్దండి. మా కోడలి తప్పేం లేదండి, మా ఆడదాని తప్పూ లేదండి.”

లోపల్నుంచి అత్తయ్యగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా వైపు మాత్రం చూడలేదు.

నేను ఫోను మళ్ళీ తీసుకుని, బిళ్ళ పేరు, మోతాదు, ఏళ్ళు, అన్నీ చెప్పాను. ఏడో పేజీ సంగతి కూడా నేనే ఎత్తాను. అటునుంచి ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఆవిడకీ విసుగు పుడుతుందని, ఆవిడా మనిషేనని నాకు మొదటిసారి అనిపించింది.

“పదకొండు పేజీలు రాశామండీ మేము,” అన్నారావిడ. “ఒక్క పేజీలోనూ ‘టీతో పాటు ఏం వేసుకుంటారు’ అని అడగలేదు చూడండి. సరే. వినండి. ఈ విషయం నేను రాసి పైకి పంపాలి. దాచలేను. మూడో ఇంజెక్షన్ ఇవ్వచ్చా లేదా అన్నది సోమవారం వాళ్ళు తేలుస్తారు, మాట ఇవ్వలేను. కానీ ఒక్కటి. ఇన్నాళ్ళూ మందు పనిచెయ్యలేదనుకున్నాం. అసలు దాన్ని పని చెయ్యనిచ్చిందెప్పుడు? ఆ మాట కూడా రాస్తాను.”

మా ఆయన అరుగు అంచున కూర్చుండిపోయాడు.

“ఇంకో ముఖ్యమైన సంగతి,” అన్నారు డాక్టరుగారు. “ఆ బిళ్ళ ఆపకండి.”

“అదేవిటండీ!”

“ఏడేళ్ళు బయటినుంచి ఇస్తే ఒళ్ళు తనంతట తను తయారు చేసుకోవడం మర్చిపోతుంది. ఉన్నపళంగా ఆపితే కాలు సంగతి తర్వాత, మనిషే పడిపోతారు. వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణానికే ప్రమాదం. ఎంతెంత తగ్గించాలో నేను చెబుతాను, అలాగే తగ్గిద్దాం. ఇవాళ్టిది వేసుకున్నారా?”

మావయ్యగారి వైపు చూశాను. “లేదమ్మా. నిన్నటితో అయిపోయాయి. బంగారయ్య ఇప్పుడేగా తెచ్చేడు. అందుకే కాబోలు పొద్దున్నుంచి ఒకటే నీరసం, అన్నం తిన్నాక కడుపులో తిప్పుతంది. చారు పడలేదనుకున్నాను.”

“ఇప్పుడే ఒకటి ఇవ్వండి,” అంది ఫోను. “నేను లైన్లోనే ఉంటాను.”

మా ఆయన మెల్లిగా తల తిప్పి బోదె వైపు చూశాడు. బంగారయ్యగారూ చూశాడు. అత్తయ్యగారు నా వైపు చూసింది, వంటగదిలో గొడవయ్యాక మొదటిసారి. తిట్టినా బాగుండేది.

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని అరవై ఏళ్ళ మనిషి బోదెలోకి దిగిపోయింది. గుర్రపుడెక్క చేతులతో పట్టి లాగేస్తోంది. వెనకాలే మా ఆయన, ఖాకీ ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని. ఆ వెనక నేను దిగబోతుంటే అత్తయ్యగారు, “నువ్వు ఒడ్డునే ఉండమ్మా, నీ చెయ్యి మంచిది కాదు,” అంది. ఆ మాట పడాల్సిందే నేను. ఒక పాత సబ్బు కాగితం, ఒక కొబ్బరి డొక్క దొరికాయి. అట్ట దొరకలేదు. కామరాజు దగ్గరికి పరిగెత్తమని మా ఆయనతో చెప్పబోతున్నాను, ఆ కామరాజు గుమ్మం తొక్కాల్సి వస్తోందని పళ్ళు నూరుకుంటూ.

“టీచరుగారండి.”

బంగారయ్యగారు చొక్కా జేబులోంచి తన అట్ట తీసి పట్టుకున్నాడు. సగం ఖాళీ అయిన అట్ట. “నావి ఉన్నాయండి.”

తీసుకున్నాను. ఒక బిళ్ళ వత్తి అరచేతిలో వేసుకున్నాను. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది, తెల్లగా, చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో! అరగంట క్రితం దీన్ని మత్తుమందు అని తిట్టిన నేనే, నా చేత్తోనే మావయ్యగారి నోట్లో వేశాను. ఒళ్ళంతా తడితో వచ్చి అత్తయ్యగారు నీళ్ళ చెంబు అందించింది. నా చేతికే అందించింది. “క్షమించండి అత్తయ్యగారూ” అన్నాను. “ముందు తాగించమ్మా” అంది.

“వేసుకున్నారా?” అని ఫోనులోంచి ప్రశ్న.

“వేసుకున్నారండీ.”

“ఇవాళ వాంతులైతే మాత్రం ఇంట్లో కూర్చోకండి, వెంటనే అమలాపురం ఆసుపత్రిలో చేర్చండి. ఆ అట్ట కూడా చూపించండి. సోమవారం పొద్దున్న మాట్లాడదాం.”

ఆవిడ ఫోను పెట్టేసేలోగా బంగారయ్యగారు గబగబా నా పక్కకి వచ్చాడు. “అమ్మా, పెట్టెయ్యకండి. డాక్టరమ్మగారిని ఒక్క నిమిషం ఉండమనండి.”

ముఠా పెద్ద ఆయన. ఎప్పుడూ ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. అరుగు మీద కూర్చుని, వంగి, కుడికాలి ప్యాంటు మెల్లగా పైకి మడిచాడు. ఒక మడత. రెండు మడతలు. చీలమండకి పాత కండువా పీలిక చుట్టి ఉంది. అది విప్పాడు. సరిగ్గా బంధం ఒరుసుకునే చోట, పావలా బిళ్ళంత పుండు. అంచులు గట్టిపడి పైకి లేచాయి.

“కూతురి సంబంధం కుదిరేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నానండి,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “నాకొక్కడికే కాదండి. మా ముఠాలో ఇంకో ఇద్దరికుందండి.”

మావయ్యగారు తన కట్టు ఉన్న కాలిని మెల్లగా లాక్కుని ముందుకి జరిగారు. ఆ పుండు వైపు చాలాసేపు చూశారు. తర్వాత బంగారయ్యగారి మోకాలి మీద చెయ్యి వేశారు.

“నువ్వు మొదటి శుక్రవారం నాకు వంతు తెచ్చిన రోజున,” అన్నారు, “నాది కూడా ఇంతే ఉంది కదరా బంగారయ్యా.”

“హలో? ఎవరండీ? ఎవరికేమైంది?” అంటోంది నా చేతిలో ఫోను.